తెలుగు ఫైల్ చెడిందా, తెర చెడిందా: కమాండ్ లైన్‌లో ఎన్‌కోడింగ్ చిక్కులు విప్పడం ఎలా

మా పెద్దనాన్న ఊరూరా తిరిగి సామెతలు రాసుకునేవారు. ఆ నోటుపుస్తకాలన్నీ మా అక్క ఓపిగ్గా టైప్ చేసి ఒకే టెక్స్ట్ ఫైల్‌గా దాచింది. కొన్నేళ్ల తర్వాత ఆ ఫైల్ నా చేతికొచ్చేసరికి అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు. పేజీ నిండా ° గుర్తులు, ± గుర్తులు, మధ్యమధ్య నెత్తిన గీతలున్న ఐరోపా అక్షరాలు. నాకంటే ముందు ఎవరో దాన్ని బాగుచేయబోయారు. మార్చడానికి వీలుకాని బైట్లను వదిలేయమనే ఆప్షన్ పెట్టి మార్చేశారు. దాంతో కొమ్ములూ పొల్లులూ మాయమైపోయాయి. కొమ్ము, పొల్లు లేకుండా ఏ తెలుగు వాక్యం నిలుస్తుంది? అక్క దగ్గర పాత పెన్‌డ్రైవ్ ఒకటి మిగిలి ఉండబట్టి ఆ సామెతలు దక్కాయి.

సరిగ్గా ఆ రెండు గుర్తులే ఎందుకు పోయాయో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను. ఎన్‌కోడింగ్ అంటే ఏ అక్షరాన్ని ఏ బైట్లుగా దాచాలో చెప్పే పట్టిక; యూటీఎఫ్-8 అలాంటి పట్టికల్లో ఒకటి.

ఒక్క మాట ముందుగా. కమాండ్‌లను, ఆప్షన్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరం అని చెప్పనిచోట చిన్న అక్షరమే. హెక్స్ అంకెలూ (పదహారు గుర్తులతో బైట్లను రాసే పద్ధతి) అంతే: ఈ0 అంటే ఈ అక్షరం, దాని పక్కన సున్నా.

మొదట నకలు తీసి పక్కన పెట్టండి

ఏదీ ముట్టుకోకముందే ఈ రెండు పనులు చేయండి.

సీపీ -పి సామెతలు.టీఎక్స్‌టీ అసలు.టీఎక్స్‌టీ
సీహెచ్‌మోడ్ ఏ-డబ్ల్యూ అసలు.టీఎక్స్‌టీ

రెండోది ఆ నకలు మీద ఎవరూ రాయకుండా తాళం వేస్తుంది. ఎన్‌కోడింగ్ మార్పుల్లో చాలావాటికి వెనక్కి దారి ఉండదు కాబట్టి ఇది తప్పనిసరి. ఇంకో జాగ్రత్త: ఏ కమాండ్ ఫలితాన్నైనా > గుర్తుతో అదే ఫైల్‌లోకి పంపకండి. కమాండ్ మొదలవకముందే షెల్ (మీ కమాండ్‌లను అందుకుని నడిపే ప్రోగ్రామ్) ఆ ఫైల్‌ను తెరిచి ఖాళీ చేసేస్తుంది. మీ కమాండ్‌కు చదవడానికి ఏమీ మిగలదు. ఎప్పుడూ కొత్త పేరుతో ఫైల్ పుట్టించండి, చూసుకున్నాకే పేరు మార్చండి.

తెర సంగతి ముందు తేల్చండి

తెర మీద తెలుగు కనబడకపోవడం వేరు, ఫైల్‌లో తెలుగు లేకపోవడం వేరు. మొదటిదాన్ని రెండోది అనుకుని బాగున్న ఫైల్‌ను పాడుచేసుకున్నవాళ్లను చాలామందినే చూశాను.

ఖాళీ డబ్బాలు వరసగా కనబడితే ఫాంట్ లేదని అర్థం, ఫైల్‌కు ఏమీ కాలేదు. ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడినా, గుడింతం గుర్తు చుక్కల వలయం మీద కూర్చున్నా తొందరపడకండి. తెలుగు అక్షరాలను కలిపి చూపించడం చాలా టెర్మినళ్లకు సరిగా రాదు. అదే ఫైల్‌ను బ్రౌజర్‌లో తెరిస్తే చక్కగా కనబడవచ్చు.

తర్వాత లొకేల్ చూడండి. ఏ భాష, ఏ ఎన్‌కోడింగ్ వాడాలో షెల్‌కు చెప్పే అమరిక అది.

లొకేల్ చార్‌మ్యాప్

జవాబు యూటీఎఫ్-8 అని రావాలి. ఆన్సీ అని మొదలై చివర 1968 అని ఉన్న పేరు వస్తే మీ షెల్‌కు ఉత్త ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాల పాత పట్టిక) తప్ప ఇంకేమీ తెలియదన్నమాట. దూరపు సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లినప్పుడు, డాకర్ కంటెయినర్లలో, క్రాన్ పనుల్లో (చెప్పిన వేళకు వాటంతటవే నడిచేవి) తరచూ ఎదురయ్యే సంగతి ఇది. పగలు మీరు చేత్తో నడిపితే బాగానే నడిచిన స్క్రిప్ట్ రాత్రి క్రాన్‌లో తెలుగు దగ్గర చతికిలబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే. లినక్స్‌లో స్క్రిప్ట్ మొదట్లో ఈ వరస చేరిస్తే సరిపోతుంది. ఇందులో ఎక్స్‌పోర్ట్ అన్న మాట తప్ప, = గుర్తుకు ముందూ వెనకా ఉన్నవన్నీ పెద్ద అక్షరాలు.

ఎక్స్‌పోర్ట్ లాంగ్=సి.యూటీఎఫ్-8

ఫైల్ పేర్లు తెలుగులో ఉంటే ఇంకో వింత కనబడుతుంది. ఎల్ఎస్ కొట్టినా, గిట్ స్టేటస్ కొట్టినా పేరు బదులు \340\260\244\340\261\206 లాంటి అంకెలు బారులు తీరతాయి. ఇవి చెడిపోయిన పేర్లు కావు. ఈ0 అనే బైట్‌ను అష్టాంశ పద్ధతిలో రాస్తే 340, బీ0 రాస్తే 260, బీ1 రాస్తే 261. అంటే పేరు నిక్షేపంగా ఉంది, చూపించేవాడే మొహమాటపడుతున్నాడు. ఎల్ఎస్‌కు లొకేల్ సరిచేస్తే చాలు. గిట్‌కు విడిగా చెప్పాలి.

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్

బైట్లు చూడండి

ఇక అసలు పని. ఎంత అనుభవం ఉన్నా, ఎంత ఆత్రంగా ఉన్నా ఈ మెట్టు దాటేయకండి.

హెక్స్‌డంప్ -సి సామెతలు.టీఎక్స్‌టీ | హెడ్

ఇక్కడ సి పెద్ద అక్షరం. ఎడమ పక్క స్థానం, మధ్యలో ఒక్కో బైట్ విడివిడిగా, కుడిపక్క ఆస్కీ అక్షరాలు కనిపిస్తాయి. మధ్య భాగం మీద మాత్రమే దృష్టి పెట్టండి.

తెలుగుకు యూనికోడ్‌లో కేటాయించిన చోటు 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా, మొత్తం 128 గడులు. యూటీఎఫ్-8లో వీటిలో ప్రతిదానికీ మూడు బైట్లు పడతాయి. మొదటి సగం గడులన్నీ ఈ0 బీ0 తో, రెండో సగం గడులన్నీ ఈ0 బీ1 తో మొదలవుతాయి. మూడో బైట్ ఒక్కటే మారుతూ ఉంటుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న తెలుగు ఫైల్‌ను దూరం నుంచే పోల్చుకోవచ్చు: ఈ0 బీ0, ఈ0 బీ0, ఈ0 బీ1 అని మూడేసి అడుగులతో నడిచే దరువులా ఉంటుంది. "తెలుగు" అన్న మాటే తీసుకోండి.

త: ఈ0 బీ0 ఏ4
ఎకారం: ఈ0 బీ1 86
ల: ఈ0 బీ0 బీ2
కొమ్ము: ఈ0 బీ1 81
గ: ఈ0 బీ0 97
కొమ్ము: ఈ0 బీ1 81

మన కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌కు ఆరు సంకేతాలు, డిస్క్ మీద 18 బైట్లు. నమ్మకం కుదరకపోతే డబ్ల్యూసీ కమాండ్‌తో లెక్కపెట్టండి. -సి బైట్లను, -ఎం సంకేతాలను లెక్కిస్తాయి.

ప్రింట్ఎఫ్ 'తెలుగు' | డబ్ల్యూసీ -సి
ప్రింట్ఎఫ్ 'తెలుగు' | డబ్ల్యూసీ -ఎం

రెండోదానికి 6 రాకుండా 18 వస్తే లొకేల్ ఇంకా సరిపడలేదని గుర్తు.

ఈ0 బీ0 దరువు కాక ఇంకేదైనా కనిపిస్తే అది ఏమై ఉంటుందో ఇలా పోల్చుకోండి.

ఫైల్ మొదట్లో ఎఫ్ఎఫ్ ఎఫ్ఈ ఉండి, తర్వాత ప్రతి రెండో బైటూ 0సి అవుతుంటే అది యూటీఎఫ్-16. తెలుగు చెక్కుచెదరకుండా ఉంది, చొక్కా మాత్రం వేరే తొడిగారు.

మొదట్లో ఈఎఫ్ బీబీ బీఎఫ్ ఉండి, ఆపైన మామూలు దరువే ఉంటే అది బీఓఎం అనే మూడు బైట్ల ముద్ర.

సి3 ఏ0 సి2 బీ0, సి3 ఏ0 సి2 బీ1 అని సాగుతుంటే యూటీఎఫ్-8ను ఎవరో ఇంకేదో అనుకుని, మళ్లీ యూటీఎఫ్-8గా మార్చారు. రెండుసార్లు ఉడికిన అన్నం. మా సామెతల ఫైల్‌కు పట్టిన గతి ఇదే.

3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని ఉంటే అవి నిజమైన ప్రశ్న గుర్తులు. ఈఎఫ్ బీఎఫ్ బీడీ అని ఉంటే � గుర్తు ఫైల్‌లోనే రాసి ఉంది. ఈ రెండూ చెడ్డ వార్తలే.

ఏ1 నుంచి ఎఫ్ఏ మధ్య బైట్లు ఒక్కొక్కటిగా, ఈ0 దరువు లేకుండా వస్తుంటే ఇస్కీ కావచ్చు, పాత ఫాంట్ రాతా కావచ్చు. వాటి గురించి కింద చెబుతాను.

ఫైల్ అనే పేరుతోనే ఒక కమాండ్ ఉంది. ఫైల్ --మైమ్-ఎన్‌కోడింగ్ అని అడిగితే ఎన్‌కోడింగ్ పేరు చెబుతుంది. మొదటి చూపుకు ఉపయోగమే, అదే తుది తీర్పు అనుకోవద్దు. పెద్ద ఫైల్ అయితే మొదటి భాగం మాత్రమే చూసి చెబుతుంది. పైగా రెండుసార్లు మారిన ఫైల్‌ను చూసి కూడా ఇది యూటీఎఫ్-8 అనే అంటుంది. సాంకేతికంగా అది నిజమే, అందులో ఉన్నవి చెల్లే సంకేతాలే. అవి తెలుగు కాదన్న సంగతి దానికి తెలియదు. మీకు తెలుసు.

ఎక్కడ విరిగిందో పట్టుకోండి

దరువు బాగానే ఉంది, ఎక్కడో మధ్యలో తేడా కొట్టింది అనిపిస్తే ఎన్‌కోడింగ్ మార్చే కమాండ్ ఐకాన్వ్‌ను పిలవండి. దాని స్పెల్లింగ్ ఐ, సి, ఓ, ఎన్, వి. యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే మార్చమని అడగడం వింతగా అనిపించవచ్చు గానీ, అదే మంచి పరీక్ష.

ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-8 -టి యూటీఎఫ్-8 సామెతలు.టీఎక్స్‌టీ > /డెవ్/నల్

/డెవ్/నల్ అంటే ఫలితాన్ని పారేసే చోటు. మౌనంగా ముగిస్తే ఫైల్ అంతా చెల్లే యూటీఎఫ్-8. లేకపోతే మొదటి తప్పు ఏ బైట్ దగ్గరుందో చెప్పి ఆగిపోతుంది. తప్పున్న వరసలన్నీ ఒకేసారి కావాలంటే వరసల్లో వెతికే కమాండ్ గ్రెప్ ఇంకా నయం.

గ్రెప్ -ఏఎక్స్ఎన్‌వీ '.*' సామెతలు.టీఎక్స్‌టీ

చుక్క అంటే ఏ అక్షరమైనా. విరిగిన బైట్ అక్షరం కిందికి రాదు కాబట్టి దానికి చుక్క సరిపోలదు. అలా సరిపోలని వరసలను వరస సంఖ్యతో సహా చూపిస్తుంది. లొకేల్ యూటీఎఫ్-8 అయి ఉండాలి, లేదంటే ఈ పరీక్ష పనిచేయదు.

వేర్వేరు మనుషులు పంపిన ముక్కలను క్యాట్‌తో కలిపి ఒకే ఫైల్ చేసినప్పుడు కొన్ని వరసలు యూటీఎఫ్-8, కొన్ని ఇంకేదో అయి ఉంటాయి. అలాంటి ఫైల్ మొత్తాన్ని ఒకే కమాండ్‌తో మార్చబోతే బాగున్న సగం చెడుతుంది. గ్రెప్ చూపిన వరసలను వేరే ఫైల్‌లోకి తీసి, వాటి బైట్లు చూసి, వాటిని మాత్రమే మార్చి తెచ్చి కలపండి.

తేలికగా తీరే రెండు రోగాలు

యూటీఎఫ్-16 అయితే ఒక్క వరసలో పని అయిపోతుంది.

ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-16 -టి యూటీఎఫ్-8 సామెతలు.టీఎక్స్‌టీ > కొత్త.టీఎక్స్‌టీ

ఎల్ఈ అని తోక తగిలించకుండా ఉత్త యూటీఎఫ్-16 అనే రాయండి. అప్పుడు మొదట్లోని ఎఫ్ఎఫ్ ఎఫ్ఈ ముద్రను చదువుకుని, బైట్ల వరస ఎటునుంచి ఎటో అదే గ్రహించి, ఆ ముద్రను తీసేస్తుంది. తోక పెడితే ముద్ర కొత్త ఫైల్‌లోకి కూడా వచ్చేస్తుంది. విండోస్ వెంట వచ్చే పాత పవర్‌షెల్ 5.1లో > గుర్తుతో దాచిన ఫైళ్లన్నీ ఇలా యూటీఎఫ్-16లో ఉంటాయి. ఎక్సెల్‌లో "యూనికోడ్ టెక్స్ట్" అని దాచినా అంతే.

బీఓఎం ముద్ర కంటికి కనబడదు కానీ చిరాకు పెడుతుంది. వరస మొదట్లో ఫలానా మాట ఉందా అని గ్రెప్‌లో వెతికితే మొదటి సామెత దొరకదు. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) అయితే మొదటి నిలువు వరస పేరు గుర్తుపట్టలేదని ప్రోగ్రామ్ మొరాయిస్తుంది. షెల్ స్క్రిప్ట్ అయితే తొలి వరస దగ్గరే బోల్తా పడుతుంది. డాస్2యూనిక్స్ అనే చిన్న సాధనం ఈ ముద్రతోపాటు విండోస్ వరస చివర మిగిల్చే అదనపు బైట్‌ను కూడా తీసేస్తుంది.

డాస్2యూనిక్స్ -ఎన్ సామెతలు.టీఎక్స్‌టీ కొత్త.టీఎక్స్‌టీ

రెండుసార్లు ఉడికిన ఫైల్

నిదానంగా చదవాల్సిన భాగం ఇది. తెలుగువాళ్ల ఫైళ్లకు ఎక్కువగా పట్టే జబ్బు ఇదే, దీని మందులోనే విషం కూడా ఉంది.

ఈ0 అనే బైట్‌ను విండోస్-1252 పట్టికలో చూస్తే నెత్తిన ఏటవాలు గీత ఉన్న చిన్న ఏ అక్షరం. బీ0 అంటే °. బీ1 అంటే ±. తెలుగు చెడినప్పుడల్లా ఆ మూడే పదేపదే కనబడటానికి కారణం ఇదే. ఎవరో మీ యూటీఎఫ్-8ను ఈ పట్టిక ప్రకారం చదివారు. చదివి ఊరుకుంటే పరవాలేదు, చదివినదాన్ని మళ్లీ యూటీఎఫ్-8గా దాచారు.

సూత్రం తేలికే, వచ్చిన దారినే వెనక్కి నడవాలి. యూటీఎఫ్-8 నుంచి ఆ పాత పట్టికకు మారిస్తే బయటికొచ్చే బైట్లే అసలు తెలుగు. అయితే వెళ్లిన దారి ఏది? రెండు పట్టికలకు అవకాశం ఉంది, ఒకటి లాటిన్-1, రెండోది విండోస్-1252. ఎకారం ఉన్న ఒక మాట దగ్గర హెక్స్‌డంప్ చూడండి. ఎకారం మూడో బైట్ 86 కదా. సి3 ఏ0 సి2 బీ1 తర్వాత సి2 86 ఉంటే లాటిన్-1 దారి. ఈ2 80 ఏ0 ఉంటే విండోస్-1252 దారి.

లాటిన్-1 అయితే అదృష్టవంతులు. 256 బైట్లకూ అందులో చోటుంది కాబట్టి ఏదీ పోదు.

ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-8 -టి లాటిన్1 సామెతలు.టీఎక్స్‌టీ > కొత్త.టీఎక్స్‌టీ

విండోస్-1252 అయితేనే చిక్కు. ఆ పట్టికలో అయిదు గడులు ఖాళీ: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. ఇప్పుడు తెలుగు వైపు చూడండి. కొమ్ము మూడో బైట్ 81. పొల్లు మూడో బైట్ 8డీ. "ఏ" అక్షరానిది 8ఎఫ్, "ఐ" అక్షరానిది 90, "ఝ" అక్షరానిది 9డీ. అరసున్నది కూడా 81 యే. ఏ పేజీలోనైనా కొమ్ములూ పొల్లులూ, పొల్లు వల్ల పుట్టే ఒత్తులూ ఎన్ని ఉంటాయో లెక్కపెట్టండి. ఖాళీగా వదిలిన ఆ గడుల్లోకే మన భాషలో అతి ముఖ్యమైన గుర్తులు రెండూ పోయి పడ్డాయి.

ఒకవేళ బ్రౌజరో, మైఎస్‌క్యూఎల్ డేటాబేసో ఈ మార్పు చేసి ఉంటే ఆ ఖాళీ గడుల బైట్లను అవి కనబడని నియంత్రణ సంకేతాలుగా కాపాడతాయి. ఫైల్‌లో సి2 81, సి2 8డీ అని కనిపిస్తే అలా దక్కినట్టే. కానీ ఐకాన్వ్‌ను విండోస్-1252కు మార్చమని అడిగితే వాటి దగ్గర ఆగిపోయి తప్పు చూపిస్తుంది. సరిగ్గా ఇక్కడే జనం -సి ఆప్షన్ పెడతారు. మార్చలేనివాటిని వదిలేయమని దాని అర్థం. పని పూర్తవుతుంది, తప్పులేమీ కనబడవు, కొమ్ములూ పొల్లులూ మాత్రం గాలికి పోతాయి. తెలుగు ఫైళ్లను బాగుచేసేటప్పుడు -సి ఆప్షన్ జోలికి దయచేసి పోవద్దు.

సరైన దారి పైథాన్‌లో ఉంది. ఎఫ్‌టీఎఫ్‌వై అనే లైబ్రరీని పిప్‌తో ఇన్‌స్టాల్ చేయండి. దాంట్లో స్లాపీ-విండోస్-1252 అనే పట్టిక ఉంది, ఖాళీగా ఉన్న ఆ అయిదు గడులను అది లాటిన్-1 పద్ధతిలో నింపుతుంది. చేయాల్సినవి మూడు పనులు. ఫైల్‌ను యూటీఎఫ్-8 అని చెప్పి చదవండి. వచ్చిన పాఠ్యాన్ని ఈ స్లాపీ పట్టికతో బైట్లుగా మార్చండి. ఆ బైట్లను కొత్త ఫైల్‌లో బైట్లుగానే రాయండి. తర్వాత కొత్త ఫైల్‌ను పైన చెప్పిన ఐకాన్వ్ పరీక్షకు పెట్టండి. తప్పు లేకుండా దాటితే, హెక్స్‌డంప్‌లో ఈ0 బీ0 దరువు వినిపిస్తే తెలుగు ఇంటికొచ్చినట్టే.

సి3 ఏ0 సి2 బీ1 తర్వాత ఏమీ లేకుండా వెంటనే ఇంకో సి3 ఏ0 వచ్చేస్తుంటే మూడో బైట్ పోయింది. అది కొమ్మో పొల్లో ఇక ఏ సాధనమూ చెప్పలేదు. చెడిన పాఠ్యాన్ని తెర మీది నుంచి కాపీ చేసి ఇంకోచోట అతికించినప్పుడు ఇలా జరుగుతుంది, ఎందుకంటే ఆ సంకేతాలు కంటికి కనబడవు, చాలా ప్రోగ్రాములు వాటిని రాల్చేస్తాయి. భ, ఠ అక్షరాలకూ ఇదే ముప్పు. భ మూడో బైట్ ఏడీ, ఆ పట్టికలో అది కనబడని హైఫన్. ఠ మూడో బైట్ ఏ0, అంటే ఖాళీ జాగా. అంచులు కత్తిరించే ప్రోగ్రాముల చేతిలో పడితే అవీ పోతాయి. అందుకే చెడిన పాఠ్యాన్ని ఎవరైనా వాట్సాప్‌లో అతికించి పంపితే వద్దనండి, ఫైల్‌నే పంపమనండి.

మిగిలింది మనిషి పని. ఆ భాష తెలిసినవాళ్లు కూర్చుని, కొమ్ము ఎక్కడ, పొల్లు ఎక్కడ అని చదువుకుంటూ పూరించాలి. సామెతలైతే నోటికి వచ్చు కాబట్టి కుదురుతుంది. పేర్ల జాబితా అయితే చాలా కష్టం.

ఇదంతా తెలిశాక ఇంకో పాత చిక్కుముడి కూడా విడిపోతుంది. విండోస్‌లో పైథాన్‌తో తెలుగు ఫైల్ తెరవగానే "చార్‌మ్యాప్" కోడెక్ 0ఎక్స్81 అనే బైట్‌ను చదవలేకపోయిందని ప్రోగ్రామ్ ఆగిపోతుంటుంది కదా, ఆ 81 మన కొమ్మే. ఎన్‌కోడింగ్ చెప్పకపోతే చాలా పైథాన్ వెర్షన్లు అక్కడ సాధారణంగా విండోస్-1252ను వాడతాయి. ఫైల్ తెరిచే చోట ఎన్‌కోడింగ్='యూటీఎఫ్-8' అని చేర్చండి. ప్రోగ్రామ్ అలా ఆగిపోవడమే మేలు, ఆగకుండా తప్పుగా చదివేస్తే మీ ఫైల్ కూడా రెండోసారి ఉడికేది.

ప్రశ్న గుర్తులు మిగిలితే

"తెలుగు" ఉండాల్సినచోట సరిగ్గా ఆరు ప్రశ్న గుర్తులు ఉన్నాయా? బైట్లు కూడా 3ఎఫ్ అనే చెబుతున్నాయా? అయితే ఎవరో తెలుగుకు చోటులేని పట్టికలోకి మార్చారు, ప్రతి సంకేతం స్థానంలో ఒక ప్రశ్న గుర్తు రాశారు. దీన్ని తిప్పే మంత్రం ఏదీ లేదు. సమయం వృథా చేయకుండా మూలం కోసం వెతకండి: పాత ఈమెయిల్, డేటాబేస్ బ్యాకప్, ఇంకొకరి కంప్యూటర్. � గుర్తు విషయంలో మాత్రం అది తెర పెట్టిందా, ఫైల్‌లో ఉందా అని ముందు తేల్చుకోండి.

గ్రెప్ -సి '�' సామెతలు.టీఎక్స్‌టీ

సున్నా వస్తే అది టెర్మినల్ చూపిస్తున్న గుర్తే, ఇంకా ఆశ ఉంది. వేరే అంకె వస్తే సరిగ్గా అన్నే వరసల్లో నష్టం జరిగిపోయింది.

ఐకాన్వ్ తీర్చలేనివి

తెలుగు డీటీపీ కేంద్రాల నుంచి వచ్చిన ఫైల్ అయితే అది అసలు ఎన్‌కోడింగ్ సమస్యే కాకపోవచ్చు. అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లతో కొట్టిన పాఠ్యంలో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలే. ఫాంట్ వాటి మీద తెలుగు బొమ్మలు గీస్తుంది. ఒకప్పుడు తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లూ తమ సొంత ఫాంట్లతో ఇలాగే నడిచాయి. అలాంటి ఫైల్‌ను ఐకాన్వ్‌కు ఇస్తే అదే గజిబిజిని శుభ్రమైన యూటీఎఫ్-8లో తిరిగిస్తుంది. ఒక్కో ఫాంట్‌కు తగిన కన్వర్టర్ వేరుగా ఉంటుంది, దాన్నే వాడాలి. ఏ ఫాంటో పంపినవాళ్లను అడగడం మరవకండి. మార్చాక కూడా ఒత్తుల వరసను మనిషి కళ్లతో సరిచూడాలి.

ఇస్కీ సంగతి వేరు. అది 1991లో ఐఎస్ 13194గా వచ్చిన భారతీయ ప్రమాణం. అన్ని భారతీయ లిపుల్లోనూ కకారానికి ఒకే సంకేతం ఇచ్చింది కాబట్టి బైట్లను చూసి ఇది తెలుగో కన్నడమో చెప్పలేం. మీరే చెప్పాలి. ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ వెంట వచ్చే యూకాన్వ్ దీన్ని మారుస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో ఐసీయూ-డెవ్‌టూల్స్ ప్యాకేజీలో దొరుకుతుంది.

యూకాన్వ్ -ఎఫ్ ఎక్స్-ఇస్కీ-టీఈ -టి యూటీఎఫ్-8 పాతది.టీఎక్స్‌టీ > కొత్త.టీఎక్స్‌టీ

అంతా బాగుంది, వెతికితే దొరకదు

కంటికి ఒకేలా ఉన్న రెండు మాటలు బైట్లలో వేరుగా ఉండొచ్చు. ఐత్వం గుర్తును ఈ0 బీ1 88 అని ఒకటిగా రాయవచ్చు, ఈ0 బీ1 86 ఈ0 బీ1 96 అని రెండు ముక్కలుగానూ రాయవచ్చు. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా కొడితే గ్రెప్‌కు సగమే దొరుకుతాయి. అన్నిటినీ ఒక రూపానికి తెచ్చేది ఈ కమాండ్.

యూకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-8 -టి యూటీఎఫ్-8 -ఎక్స్ ఎనీ-ఎన్‌ఎఫ్‌సీ సామెతలు.టీఎక్స్‌టీ > కొత్త.టీఎక్స్‌టీ

ఇంకోటి, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో ట, వ కలిసిపోకుండా మధ్యన పెట్టే కనబడని సంకేతం. దాని బైట్లు ఈ2 80 8సి. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. వెతకడానికి వేరే నకలులో దాన్ని తీసేయండి గానీ అసలు పాఠ్యంలో తీసేయకండి. తీసేస్తే రాసినవాళ్లు కోరిన రూపమే మారిపోతుంది.

మళ్లీ చెడకుండా

కొన్ని కమాండ్‌లు తెలుగును విరగ్గొడతాయి. చాలా లినక్స్ యంత్రాల్లో కట్ -సి 1-10 అంటే పది అక్షరాలు కాదు, పది బైట్లు. మూడు సంకేతాలూ నాలుగోదాని తునకా వస్తాయి. హెడ్ -సి కూడా అంతే.

గ్నూ టీఆర్ ఇంకా ప్రమాదం. హ్రస్వ గుడిని దీర్ఘం చేద్దామని టీఆర్ 'ి' 'ీ' అని కొడితే, అది గుడిని చూడదు, ఈ0 బీ0 బీఎఫ్ అన్న మూడు బైట్లను చూస్తుంది. ఫైల్‌లోని ప్రతి బీ0 ని బీ1 చేసేస్తుంది. మ ఉన్నచోటల్లా ౮ వస్తుంది, న ఉన్నచోటల్లా ౨ వస్తుంది. ఫలితం చెల్లే యూటీఎఫ్-8 కాబట్టి ఐకాన్వ్ పరీక్షకూ దొరకదు. ఇలాంటి పనులకు సెడ్ వాడండి.

సెడ్ 'ఎస్/ి/ీ/జి' సామెతలు.టీఎక్స్‌టీ > కొత్త.టీఎక్స్‌టీ

చివరగా ఎక్సెల్. బీఓఎం లేని యూటీఎఫ్-8 సీఎస్‌వీని రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగు ° ± గుర్తుల్లో కనబడుతుంది. దాన్ని అలాగే మళ్లీ దాచారంటే కథ మొదటికొస్తుంది. అందుకే ఎక్సెల్ వాడేవాళ్లకు పంపేటప్పుడు ముద్ర వేసి పంపడం నా అలవాటు. మిగతాచోట్ల తీసేయమన్న ముద్రే ఇక్కడ కావాలి.

ప్రింట్ఎఫ్ '\357\273\277' > పంపేది.సీఎస్‌వీ
క్యాట్ సామెతలు.సీఎస్‌వీ >> పంపేది.సీఎస్‌వీ

వాళ్లు తిరిగి పంపేటప్పుడు ఉత్త "సీఎస్‌వీ" కాకుండా "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్నదాన్నే ఎంచుకోమని చెప్పండి. ఉత్తదాన్ని ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్న గుర్తులవుతుంది. ఫైల్ తిరిగి రాగానే, తెరవకముందే, హెక్స్‌డంప్‌లో ఒకసారి చూసుకోండి.